నాజిలు జబ్బు డబ్బాలో పుట్టును



మందు చల్లు స్ప్రేయరు నాజిలును ఎరుగని రైతు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో ఉండడు. దాని రంధ్రము మూసికొనిపోయినప్పుడు గుండుసూదితో పొడవరాదని, నోటితో ఊదరాదని వ్యవసాయ శాఖవారు ఏండ్ల తరబడి చెప్పుచున్నారు. సూదితో పొడిచిన నాజిలు మూసికొనిన నాజిలు కంటె చెడ్డది. మూసికొనినది మందును రానీయదు. పొడిచినది మందును తుంపరగా గాక ధారగా వదలి, ఒక మొక్కను తడిపి ముద్ద చేయును, ప్రక్క మొక్కను విడిచిపెట్టును. ఈ సంగతి నేడు చాలమందికి తెలిసినదే.

పత్తి చేనిలో స్ప్రేయరును ఇంత జాగ్రత్తగా చూచు రైతే, తన పాత లారీలోనో ట్రాక్టరులోనో ఉన్న డీజిలు నాజిలు విషయము వచ్చునప్పటికి ఆ జాగ్రత్తను మరచుచున్నాడు. వేపచెట్టు క్రింద గోనెపట్టా పరచి, నాజిలును విప్పి, ఇనుప తీగతో గీకి, చేతికందిన గుడ్డతో తుడిచి మరల బిగించుచున్నారు. ఆ పూటకు బండి కదలును. నెల తిరుగక మునుపే మరల నల్లపొగ, మరల మేస్త్రీ, మరల ఖర్చు.

నేను చెప్పదలచినది ఒక్కటే. నాజిలు జబ్బు నాజిలులో పుట్టుట లేదు. మనము డీజిలు తెచ్చు డబ్బాలో పుట్టుచున్నది. డీజిలును శుభ్రముగా ఉంచుట రైతు పని. నాజిలును శుభ్రపరచుట పరీక్ష యంత్రము గల పనివాని పని. ఈ రెంటిని మనము తారుమారు చేసికొన్నాము. మనకు చేతనైన పనిని మాని, చేతగాని పనికి పూనుకొనుచున్నాము.

వ్యవసాయాధికారికి ఇంజనుతో ఏమి పని?

ఈ మాట కొందరు అడుగవచ్చును. నేను చదివినది పైరులను గూర్చి, నేలలను గూర్చి. ఇంజనులను గూర్చి కాదు. కాని ఈనాడు అదను అనునది ఇంజను చేతిలో నున్నది. బావులపై ఆయిలు ఇంజనులు నడచిన కాలము గడచినది. బోర్లు కరెంటుతో నడచుచున్నవి. అయినను దుక్కి, దమ్ము, విత్తు, కోత, నూర్పిడి, రవాణా, ఇవన్నియు డీజిలు లేనిదే సాగవు. జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకముల నీరు వచ్చిన తావులలో వరి పెరిగినది. వరి పెరిగినకొలది కోత యంత్రములు, ధాన్యము మోయు లారీలు, ట్రాక్టరులు పెరిగినవి. యాసంగి వేరుసెనగకు నేలలో పదును ఉన్న నాలుగు దినములలోనే విత్తనము పడవలెను. ఆ నాలుగు దినములలో ట్రాక్టరు రెండు దినములు చెట్టు క్రింద నిలిచినచో ఏ ఎరువును, ఏ మందును ఆ నష్టమును పూడ్చలేవు.

ఒక యాసంగి కోతల కాలమున వనపర్తి జిల్లాలోని ఒక గ్రామములో ధాన్యము కొనుగోలు కేంద్రమును చూడబోయితిని. బస్తాలు తూచి కుట్టి సిద్ధముగా నుండెను. మోయుటకు వచ్చినది ఒక పాత లారీ. దాని యజమాని ఐదెకరముల రైతు. బరువెత్తిన లారీ ఊరి వెలుపలి ఎత్తు ఎక్కలేక, మబ్బువలె నల్లపొగ వదలి నిలిచిపోయెను. వారు రెండు నాజిళ్ళను అక్కడనే విప్పి గీకి బిగించిరి. బండి కొంత దూరము నడచి మరల ఆగెను. సాయంకాలమునకు గాలివాన వచ్చెను. లోడు కానందున బయటనే ఉండిపోయిన బస్తాలు అడుగున తడిసెను. తేమ 17 శాతమునకు మించిన ధాన్యమును కొనుటకు నిబంధన ఒప్పదు. కావున ఆ రైతులు మరునాడు మూటలు విప్పి, ధాన్యమును మరల ఎండబోసికొనవలసి వచ్చెను.

తరువాత ఆ నాజిళ్ళను పట్టణములోని షాపులో పరీక్షించినప్పుడు నేనును చూచితిని. ఒకదాని రంధ్రములు తీగతో గీకబడి వెడల్పై కోలగా మారినవి. ఇంకొకదాని సూదిపై నిలువు గీతలు పడియున్నవి. ఒకదాని క్రింద పాత రాగి వాషరును తీయకుండ దానిపై క్రొత్త వాషరును వేసిరి. ఆ యజమాని డీజిలు తెచ్చు డబ్బాను వంచి చూడగా అడుగున వ్రేలెడు మందము ఎర్రమట్టి బురద యుండెను. ఆయన అన్న మాట నాకు గుర్తున్నది: "సారూ, నేను నాజిలుకు పెట్టిన పైసలు డబ్బాకు పెట్టింటే సరిపోతుండె." ఈ వ్యాసమునకు ఆ మాటయే మూలము.

నాజిలు చేయు పని

మన ప్రాంతమున ఇంజెక్టరు మొత్తమును నాజిలు అనియే పిలుతురు. నేనును అట్లే వ్రాయుదును.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని గట్టిగా అదిమినప్పుడు ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి డీజిలును పొగమంచువలె సన్నగా చల్లినచో తానే అంటుకొనును. ఆ చల్లునది నాజిలు. పాతరకము ఇంజనులలో నాజిలు తెరచుకొను ఒత్తిడి, ఇంజనును బట్టి, చదరపు సెంటీమీటరుకు సుమారు 175 నుండి 250 కిలోల వరకు ఉండును. లారీ టైరులో గాలి ఒత్తిడి 8 కిలోల ప్రాంతమున ఉండునని తలచినచో ఇది ఎంతటి ఒత్తిడియో తెలియును.

ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క నాజిలు నిమిషమునకు 1000 సార్లు చల్లును. గంటకు 60,000 సార్లు. ఎనిమిది గంటల దుక్కిలో 4,80,000 సార్లు. గంటకు 4 లీటర్లు త్రాగు మూడు సిలిండర్ల ట్రాక్టరులో ఒక్కసారికి పడు డీజిలు ఒక బొట్టులో సగము కూడ ఉండదు. అంత స్వల్పమైన డీజిలును అన్ని లక్షల సార్లు ఒకే కొలతతో, ఒకే ఆకారముతో చల్లవలెను. అందుకై నాజిలులోని సూదికి, దాని గూటికి నడుమ సందు రెండు నుండి నాలుగు మైక్రానులు మాత్రమే ఉంచెదరు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెండ్రుక మందమే 50 మైక్రానులకు పైగా నుండును. చలక నేలల ఎర్రధూళిలో కంటికి కనబడని రేణువు చాలును, ఆ సూదిపై గీత పడుటకు.

రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గు పట్టణములో 1897 లో తన ఇంజనును నడిపి చూపినప్పుడు డీజిలును సిలిండరులోనికి తోయుటకు గాలిపంపును వాడవలసి వచ్చెను. 1927 లో బాష్ కంపెనీ డీజిలు పంపులను పెద్దయెత్తున తయారు చేయుట మొదలుపెట్టిన పిదప చిన్న ఇంజనులు లారీలకు, ట్రాక్టరులకు మరింత అనువైనవి. మన దేశమున 1951 లో మైకో కంపెనీ స్థాపింపబడినది. అందుకే నేటికిని పాత మేస్త్రీలు "మైకో పంపు, మైకో నాజిలు" అందురు. ఇంత సూక్ష్మముగా చేసిన వస్తువును మనము చెట్టు క్రింద ఇనుప తీగతో గీకుచున్నాము.

డబ్బా మొదలు ట్యాంకు వరకు

మన జిల్లాలలో డీజిలు ప్రయాణము మీకు తెలిసినదే. జాతీయ రహదారి మీద పెబ్బేరు వద్దనో, కొత్తకోట వద్దనో, ఎర్రవల్లి వద్దనో బంకులో డబ్బా నింపుదురు. మోటారుసైకిలుకు కట్టి మట్టిదారిన చేనికి తెత్తురు. ఆ డబ్బా నిన్న మంచినూనెదో, మొన్న మందుదో కావచ్చును. మూత ఊడినచోట ప్లాస్టిక్కు సంచి చుట్టుదురు. చేనిలో గాలి వీచుచుండగా ట్యాంకు తెరచి పోయుదురు. ఈ దారిలో నాలుగుచోట్ల మట్టి, రెండుచోట్ల నీరు చేరును. దీనిని సరిచేయుటకు పెద్ద ఖర్చు లేదు.

1. డీజిలుకే ప్రత్యేకముగా గట్టి మూత గల డబ్బాను కేటాయింపుడు. మందు డబ్బాలను, మంచినూనె డబ్బాలను ఈ పనికి వాడరాదు. జింకు పూసిన రేకు డబ్బాలలో డీజిలును నిలువ ఉంచరాదు. జింకు డీజిలుతో కలిసి జిగురువంటి మడ్డి ఏర్పడి ఫిల్టరును, నాజిలును పట్టును.

2. డ్రమ్ము ఉన్నవారు దానిని నీడలో, పొయ్యికి ఇంటికి దూరముగా, ఒకవైపు ఇటుక పెట్టి కొంచెము వాలుగా నుంచవలెను. నీరు, మట్టి పల్లపు వైపునకు చేరును. తెచ్చిన డీజిలును ఒక దినము కదల్చక తేరనిచ్చి, ఎత్తుగా నున్న వైపు నుండి తోడుకొనవలెను. అడుగు బెత్తెడు డీజిలును ట్యాంకులో పోయరాదు.

3. గరాటుకు సన్నని జల్లెడ ఉండవలెను. నూలు గుడ్డ వడపోతకు పనికిరాదు. దాని నూగే ఫిల్టరును చేరును. ట్యాంకు మూత చుట్టునున్న దుమ్మును తుడిచిన తరువాతనే మూత తీయవలెను.

4. పని ముగిసిన సాయంకాలమే ట్యాంకు నింపుడు. సగము ఖాళీగా నున్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ నీరై గోడలకు పట్టి డీజిలులో దిగును.

5. ప్రతి ఉదయము ఇంజను నడుపక ముందే ఫిల్టరు అడుగున నున్న మరను వదలి నీటిని దింపివేయవలెను. ఇది రెండు నిమిషముల పని. ఎడ్లకు కుడితి పెట్టక మడక కట్టని ఇంటివారము, దీనిని అటువంటి నియమముగా పెట్టుకొనవచ్చును.

6. కాగితపు ఫిల్టరును పెట్రోలులోనో డీజిలులోనో కడిగి మరల వేయరాదు. కడిగినప్పుడు బయటి మట్టి లోపలికి పోవును, కాగితము చిరుగును. కంపెనీ పుస్తకములో చెప్పిన గంటలకు క్రొత్తది వేయవలెను. మన దుమ్ములో అంతకు ముందే మార్చినను నష్టము లేదు.

ఈ ఆరు పనులలో ఏదియు మేస్త్రీ పని కాదు. అన్నియు యజమాని పనులే. ఫిల్టరు ఖరీదు చూచి వెనుకాడు రైతు ఒక లెక్క వేసికొనవలెను. చెడిన నాజిలు వలన గంటకు అరలీటరు డీజిలు వృథా అగుచున్నదనుకొందము. దినమునకు ఎనిమిది గంటలకు 4 లీటర్లు. రెండు నెలల పనికి 240 లీటర్లు. ఆనాటి ధరతో గుణించి చూచినచో ఎన్ని ఫిల్టరులు వచ్చునో ఎవరికి వారికే తెలియును.

ఇంకొక దురలవాటు కలదు. గట్టుమీద మాట్లాడుకొనుచు గంటసేపు ఇంజనును ఊరక నడుపుచుందురు. అట్లు నెమ్మదిగా తిరుగునప్పుడు సిలిండరు తగినంత వేడెక్కదు. డీజిలు పూర్తిగా కాలదు. నాజిలు కొనపై బొగ్గు పేరుకొనును. పని లేనప్పుడు ఇంజనును ఆపివేయుట మేలు. ఆపిన ఇంజను వేడిగా నుండగానే పంపు మీద చల్లని నీళ్ళు కొట్టుటయు తగదు.

జబ్బు గుర్తులు

నాజిలు చెడినదని ఇంజను ముందే చెప్పును. బరువు పడినప్పుడు నల్లపొగ వచ్చుట, ఉదయము స్టార్టు చేసినప్పుడు తెల్లపొగ చాలసేపు నిలుచుట, ఒక సిలిండరులో సుత్తితో కొట్టినట్లు చప్పుడు వచ్చుట, లాగుడు తగ్గుట, డీజిలు ఎక్కువ త్రాగుట, ఇవి గుర్తులు. అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు వేరొకటి కలదు. ఇంజను ఆయిలు కొలత పుల్లపై మట్టము తగ్గుటకు బదులు పెరుగుచున్నచో డీజిలు కారి ఆయిలులో కలియుచున్నదని అనుమానింపవలెను. నాజిలు నుండి బొట్టుగా కారు డీజిలు సిలిండరు గోడలపై ఆయిలు పొరను కడిగివేయును. రింగులు అరుగును. పిస్టను తల కాలును. అప్పుడు నాజిలు ఖర్చుతో పోవలసినది ఇంజను ఖర్చుగా మారును.

అయితే ప్రతి నల్లపొగకు నాజిలే కారణము కాదు. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనినను నల్లపొగయే వచ్చును. కావున ముందు గాలి ఫిల్టరును, పిదప డీజిలు ఫిల్టరును చూచి, ఆ తరువాతనే నాజిలును అనుమానింపుడు.

ఆ నల్లపొగ డ్రైవరు ఊపిరితిత్తులలోనికి కూడ పోవుచున్నది. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 లో నిర్ధారించినది.

సరియైన పనివాడు ఎట్లు చేయును?

ఈ వివరములు మీరు చేయుటకు కాదు. చేయువానిని మీరు కనిపెట్టుటకు.

విప్పక ముందు నాజిలు చుట్టును కడిగి శుభ్రపరచవలెను. విప్పిన వెంటనే పైపుల మూతులకు, పంపు మూతులకు మూతలు పెట్టవలెను. గూటి అడుగున అంటుకొనిన పాత రాగి వాషరును తప్పక తీయవలెను. ఏ సిలిండరు నాజిలు ఏదియో గుర్తు పెట్టవలెను. ఒక నాజిలు సూదిని మరియొక నాజిలు గూటిలో వేయరాదు. ఆ రెండును జతగా నూరబడినవి. బొగ్గును ఇత్తడి బ్రష్షుతో గాని కట్టెపుల్లతో గాని తీయవలెను. రంధ్రములకు ఆ కొలతకే తయారైన సూదులు దొరకును; వానినే వాడవలెను. కడుగుటకు తేరిన శుభ్రమైన డీజిలు కావలెను. కడిగిన భాగములను గుడ్డతో తుడువరాదు, తడిగానే కూర్చవలెను. డీజిలులో ముంచిన సూదిని గూటిలో మూడవవంతు పైకి లాగి వదలినచో తన బరువుతో తానే మెల్లగా జారి కూర్చుండవలెను. పట్టివేసినచో ఆ జత పనికిరాదు.

ఇంతటితో పని సగమే అయినది. తరువాత చేతిమీట గల పరీక్ష యంత్రమునకు నాజిలును బిగించి నాలుగు సంగతులు చూడవలెను. ఎంత ఒత్తిడికి తెరచుకొనుచున్నది? చల్లునది సమముగా పొగమంచువలె నున్నదా, ధారగా నున్నదా? తెరచుకొను ఒత్తిడికి కొంచెము తక్కువలో పది సెకనులు నిలిపినప్పుడు కొనను బొట్టు జారుచున్నదా? మీట నొక్కునప్పుడు కిర్రుమను స్వరము వచ్చుచున్నదా? ఈ నాలుగును చూడనివాడు నాజిలును కడిగెను గాని బాగుచేయలేదు. మీరు షాపునకు పోయినప్పుడు పరీక్షను మీ యెదుట చేయుమని అడుగుడు. ముల్లు ఎక్కడ నిలిచినదో మీ కండ్లతో చూడుడు. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. కాటా దగ్గర ముల్లును చూడని రైతు ఉన్నాడా?

బిగించునప్పుడు ప్రతి నాజిలుకు క్రొత్త రాగి వాషరు ఒక్కటే వేయవలెను. తరువాత పైపులలోని గాలిని తీసివేసి ఇంజనును నడుపవలెను.

ప్రాణభయము గల సంగతి

నాజిలు చల్లుచుండగా దాని ముందు చేయి పెట్టరాదు. కారుచున్న పైపును వ్రేలితో తడిమి చూడరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మమును చొచ్చుకొని కండలోనికి పోవును. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడును. నొప్పి కూడ మొదట అంతగా ఉండదు. కాని లోపల కండ చచ్చిపోయి వ్రేలో చేయో తీసివేయవలసిన గతి పట్టవచ్చును. అట్టి గాయమైనచో పసుపు పెట్టి కట్టుకొనక, ఊరి వైద్యముతో కాలము గడపక, శస్త్రచికిత్స చేయు పెద్ద ఆసుపత్రికి వెంటనే పోయి డీజిలు చొచ్చినదని స్పష్టముగా చెప్పవలెను.

క్రొత్తరకము లారీలకు, 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టరులకు వేరొక పద్ధతి వచ్చినది. భారత్ స్టేజి 6 నియమములు 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలైనవి. ఈ బండ్ల పైపులలో ఒత్తిడి పాతవాటికి ఎన్నో రెట్లు. నాజిలును కంప్యూటరు నడుపును. పాత ఇంజనులలో నడచుచుండగా ఒక్కొక్క పైపు నట్టును వదలి ఏ సిలిండరు చెడినదో మేస్త్రీలు కనిపెట్టుదురు. క్రొత్త ఇంజనులపై ఆ పని ఎంతమాత్రమును చేయరాదు. ఈ వ్యాసములోని మాటలు పాతరకము ఇంజనులకే చెల్లును.

"సీజనులో ఎట్లు ఆగుదుము?"

ఇది న్యాయమైన ప్రశ్న. పంపు, నాజిలు పని చేయు షాపులు మహబూబ్‌నగరు, కర్నూలు వంటి పట్టణములలో నున్నవి. పోయి రావలెనన్న ఒక దినము గడచును. చెట్టు క్రింది మేస్త్రీ పావుగంటలో బండిని కదల్చును. కోత ముందుండగా రైతు ఎవరి వద్దకు పోవును? నేను ఆ మేస్త్రీని తప్పు పట్టను. ఆయన చేతిలో నేర్పున్నది, పరీక్ష యంత్రము లేదు. నాడి చూడకుండ మందిమ్మని వైద్యుని మనమే తొందరపెట్టుచున్నాము.

దీనికి రెండు ఉపాయములు కలవు. మొదటిది, సీజనుకు ముందే పరీక్ష చేయించుట. వానాకాలపు దుక్కులు మొదలగుటకు ముందు, ఎండకాలమున బండి ఖాళీగా నున్నప్పుడు, ఏడాదికొకమారు నాజిళ్ళన్నిటిని పరీక్షకు పంపవలెను. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబోవుట తెలివి కాదు. రెండవది, పరీక్షించిన నాజిళ్ళ జతను అదనముగా ఉంచుకొనుట. మూడు సిలిండర్ల ట్రాక్టరుకు మూడు నాజిళ్ళు, మూడు రాగి వాషరులు శుభ్రమైన డబ్బాలో మూసి ఉంచినచో, సీజనులో అదే మేస్త్రీ పావుగంటలో పాతవి తీసి వీనిని బిగించును. తీసినవి తీరికగా షాపునకు పోవును. ఒక్కని వలన కానిచో ఒకే రకము ట్రాక్టరులు గల నలుగురు కలిసి ఒక జతను ఉంచుకొనవచ్చును.

ఇక సీసాలలో అమ్ము మందుల సంగతి. ట్యాంకులో పోసినంతనే నాజిలు శుభ్రమగునని చెప్పు మందులు కొన్ని లేత మసిని కరిగించవచ్చును. కాని గీత పడిన సూదిని, వెడల్పైన రంధ్రమును ఏ మందును బాగుచేయజాలదు. కొందరు డీజిలులో కిరోసిను కలుపుదురు. కిరోసినులో జిడ్డు తక్కువ. పంపుకు, నాజిలుకు డీజిలే నూనె. ఆ జిడ్డు తగ్గినచో రెండును త్వరగా అరుగును. అది మందు కాదు, ఇంజనుకు విషము.

గ్రామాధికారులకు మనవి

2019 లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము మూలమున గ్రామ పంచాయతీలకు ట్రాక్టరులు వచ్చినవి. చెత్త మోయుటకు ఇంటింటి ముందు ఆగుచు, మొక్కలకు నీళ్ళు పోయుచు, ఇవి ఎక్కువ సేపు నెమ్మదిగానే తిరుగును. నాజిలుకు బొగ్గు పట్టుటకు ఇంతకంటె అనువైన పని లేదు. కావున పంచాయతీ కార్యదర్శులు ట్రాక్టరుకొక పుస్తకము పెట్టి, ఎన్ని గంటలు తిరిగినది, ఎన్ని లీటర్లు పోసినది, ఫిల్టరు ఎప్పుడు మార్చినది, నాజిళ్ళు ఎప్పుడు పరీక్షించినది వ్రాయించవలెను. గంటకు పట్టు డీజిలు పెరిగినచో ఆ పుస్తకమే ముందుగా చెప్పును.

నా రెండవ మనవి ఇంకను పెద్దది. రాష్ట్రమున 2,601 రైతు వేదికలు కట్టబడినవి. వానిలో మేము విత్తనమును, ఎరువును, పురుగును గూర్చి చెప్పుచున్నాము. యంత్రమునకు సబ్సిడీ ఎంతయో కూడ చెప్పుచున్నాము. ఆ యంత్రములో పోయు డీజిలును గూర్చి చెప్పుట మరచితిమి. ఈ తప్పు మా యందును ఉన్నది. ఎండకాలమున ఒక్కొక్క మండలములో ఒక్కొక్క దినము "నాజిలు పరీక్ష దినము" జరుపవచ్చును. చేతిమీట పరీక్ష యంత్రము బల్లపై ఇముడునంతటిది. పట్టణము నుండి ఒక పనివానిని పిలిపించి, రైతులు విప్పించి తెచ్చిన నాజిళ్ళను అక్కడనే పరీక్షించి, ఏది మంచిది, ఏది చెడ్డది చెప్పించిన చాలును. సహకార సంఘములు ఆ యంత్రమును కొని అద్దె పద్ధతిన నడుపవచ్చును. వనపర్తి రాజభవనములో 1959 లో వెలసిన ప్రభుత్వ పాలిటెక్నిక్ విద్యార్థులను, ఐ.టి.ఐ.లలో డీజిలు మెకానిక్కు పని నేర్చుకొను పిల్లలను ఈ పనికి పిలిచినచో వారికిని చేతిపని అబ్బును.

ఒకనాడు మన పాలమూరు కూలీలు గడ్డపార, తట్ట పట్టుకొని దేశమంతట ఆనకట్టలు, కాలువలు కట్టిరి. వారి మనుమలు నేడు ట్రాక్టరులు, లారీలు, కోత యంత్రములు నడుపుచున్నారు. ఆ పిల్లలలో మండలమునకు ఇద్దరు ఈ పరీక్ష పని నేర్చినచో కర్నూలుకు, మహబూబ్‌నగరుకు పరుగెత్తవలసిన అగత్యము తగ్గును. వేపచెట్టు క్రింది మేస్త్రీకి కూడ ఆ పని నేర్పవచ్చును. నేర్చుకొనువారిలో ఆయనయే ముందుండునని నా నమ్మకము.

ఇవన్నియు జరుగుటకు కాలము పట్టును. కాని ఒక పనికి ఎవరి ఉత్తరువును అక్కరలేదు. ఈ పత్రికను ప్రక్కన పెట్టిన వెంటనే మీ డీజిలు డబ్బాను వెలుగులోనికి తెచ్చి, వంచి, అడుగును చూడుడు. అక్కడ ఎర్రమట్టి కనబడినచో నాజిలును విప్పుటకు ముందు ఆ డబ్బాను కడుగుడు.